వేపచెట్టు జీనోమ్ చదివిండ్రు సరే, అండ్ల ఏమున్నది?

మొన్న షాపుకు ఒక కంపెనీ పిలగాడు వచ్చిండు, వేపనూనె అమ్మెటోడు. చేతిల పాంప్లెట్ల కట్ట, దాని మీద ఆకుపచ్చ రంగుల డీఎన్ఏ మెలిక బొమ్మ, కింద మరాఠీల ఇంతింత అక్షరాలతోని జీనోమ్ సైన్స్ నిరూపించిన ప్రొడక్ట్ అన్నట్టు రాసున్నది. ఏం నిరూపించిండ్రు తమ్మీ అని అడిగితే నవ్విండు, "నాకేం తెల్సు అన్నా, ఆఫీసోళ్లు ఇచ్చిండ్రు, నేను పంచుతున్న" అన్నడు. వానిదేం తప్పు లేదు, వానికి టార్గెట్ ఉంటది. కానీ నాకు మాత్రం కడుపుల మండింది, ఎందుకంటే వేప జీనోమ్, అంటే చెట్టు డీఎన్ఏల ఉన్న రాత మొత్తం, ఆ ముచ్చట నిజంగ మస్తుగుంటది, దాన్ని తీస్కపోయి సీసా మీద స్టిక్కర్ చేసిండ్రు. అందుకే ఇంత పొడుగు రాస్తున్న, ఓపికున్నోళ్లు చదవుండ్రి.

నేను సిరొంచల చిన్న కృషి కేంద్రం నడుపుత. మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లాకు అడుగున ఉంటం మేము, జిల్లా ఆఫీసుకు పోవాల్నంటే 200 కిలోమీటర్ల పైన, గోదావరి దాటితే మాత్రం కాళేశ్వరం. బోర్డులు మరాఠీ, మాట తెలుగు, పంట పత్తి, మిర్చి, వరి. డిగ్రీల బోటనీ చదివిన, అది షాపుల పెద్దగ పనికొచ్చింది లేదు గానీ రాత్రి షటర్ దించినంక ఫోన్ల సైన్స్ పేపర్లు చదివే అలవాటు మాత్రం పోలే.

సరే విషయానికొస్త. 2012ల బెంగళూరు గణిత్ ల్యాబ్స్‌ల నీరజా కృష్ణన్, బినయ్ పాండా, వాళ్ల టీము కలిసి వేపచెట్టు జీనోమ్ డ్రాఫ్ట్ బయటపెట్టిండ్రు, బీఎంసీ జీనోమిక్స్ అనే జర్నల్ల వచ్చింది. వేప కుటుంబాన్ని మీలియేసి అంటరు, ఆ కుటుంబంల కొత్త తరం మెషిన్లతోని జీనోమ్ చదివిన మొదటి చెట్టు ఇదే. వాళ్ల లెక్క ప్రకారం వేప జీనోమ్ దాదాపు 36 కోట్ల అక్షరాలు, అంటే ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలే తిప్పితిప్పి 36 కోట్ల సార్లు. మనిషిది 300 కోట్ల పైన. మరి జీన్లు, అంటే ఒక్కో పనికి సూత్రం రాసున్న డీఎన్ఏ ముక్కలు, ఎన్ని అంటే వాళ్లు చెప్పింది 20,000 దాక, మనిషికి కూడ అటుఇటు గన్నే. మా మిర్చి సంగతి చూస్తే ఇంక నవ్వొస్తది, మిర్చి జీనోమ్ కూడ 300 కోట్ల పైనే, అండ్ల ముప్పావు వంతు కంటే ఎక్కువ ఒకటే ముక్కలు మళ్ల మళ్ల రాసుకున్న రిపీట్లు. వేప అట్ల కాదు, రిపీట్లు తక్కువ, పొదుపు సంసారం.

రిపీట్లు తక్కువుంటే చదివెటోళ్లకు ఎంత సుఖమో చెప్పాల్నంటే చదువుడు ఎట్లుంటదో చెప్పాలె. మెషిన్ ఒక కొస పట్టుకొని రెండో కొస దాక గడగడ చదవదు. మా తాలూకా ఓటర్ లిస్టు వంద జిరాక్సులు తీసి, అన్నీ కలిపి చిన్నచిన్న పేలికలు చింపి నడింట్ల కుప్ప పోసిండ్రనుకో. ఒక్కో పేలిక మీద రెండు మూడు పేర్లే ఉంటయి. ఇప్పుడు ఆ కుప్పనుంచి లిస్టు మళ్ల కట్టాలె. ఒక పేలిక చివర ఉన్న పేరు ఇంకో దాని మొదట్ల దొరికితే రెండింటిని అతుకుతవు, మళ్ల దాని చివరిది ఇంకోదాని మీద, అట్ల పోతనే ఉంటవు. వంద జిరాక్సులు వేరే వేరే కాడ చినిగినయి కాబట్టే ఈ అతుకుడు కుదురుతది. కానీ ఒకటే ఇంటిపేరు, ఒకటే పోచయ్య కొడుకు మల్లయ్య ఇరవై ఊర్లల్ల ఉన్నడనుకో, ఆ పేలిక ఏ ఊరిదని పెడ్తవు? అక్కడ ఆగిపోతవు. జీనోమ్‌ల రిపీట్లు చేసే లొల్లి అదే. 2012ల ఉన్న మెషిన్లు చదివే ముక్కలు వంద అక్షరాల దరిదాపుల ఉండేటియి, అందుకే ఆ డ్రాఫ్ట్ వేల ముక్కలుగ మిగిలింది. తర్వాత ఒక్కసారికి వేల అక్షరాలు చదివే మెషిన్లు వచ్చినయి, ఇప్పుడు వేప క్రోమోజోములు 14 జతలు, ఏ జీన్ ఏ క్రోమోజోమ్ మీద ఎక్కడ కూసున్నదో తెలిసే దాక వచ్చింది.

ఇంకో మాట. వాళ్లు డీఎన్ఏ ఒక్కటే చదివి ఊరుకోలే, వేరు, కాండం, ఆకు, పువ్వు, ఈ నాలుగింటినుంచి ఆర్ఎన్ఏ, అంటే పనిచేస్తున్న జీన్లు తీసుకునే నకలు, అది కూడ తీసి చదివిండ్రు. డీఎన్ఏ చెట్టంతట ఒకటే, ఆకులున్నదే వేర్లుంటది. ఏ జీన్ ఎక్కడ పనిచేస్తున్నదో, ఎక్కడ పండుకున్నదో ఆర్ఎన్ఏ చూస్తేనే తెలుస్తది. చేదు సరుకు తయారుచేసే జీన్లు వేపల వేరే మొక్కల కంటే ఎక్కువ జోరుగ నడుస్తున్నయని వాళ్లకు అట్లనే కనిపించింది.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన ముచ్చట, చుట్టరికం. జీనోమ్ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే అప్పటికి చదివిన మొక్కలల్ల వేపకు దగ్గరి చుట్టం ఎవరు తేలిందంటే నారింజ! పాత బోటనీ పుస్తకాలు పూలు, కాయలు చూసి ఈ రెండు కుటుంబాలను ఒకే గుంపుల పెట్టినయి, జీనోమ్ వచ్చి అవును నిజమే అన్నది. మామిడి, జీడి, కుంకుడు కూడ అదే గుంపు, సపిండేల్స్ అంటరు. మారేడు, వెలగ, కరివేపాకు నారింజ కుటుంబంలకే వస్తయి. అంటే మన పెరట్ల, గుడికాడ, పోపుల డబ్బ పక్కన ఉన్నయన్నీ దూరం దగ్గర చుట్టాలే.

నమ్మబుద్ధి కాకపోతే చలికాలం సంతల నాగ్‌పూర్ సంత్ర వస్తది కదా, ఒకటి కొనుక్కొని తొన తిని గింజ ఉమ్మకుండ పంటికింద నలుపుండ్రి. నాలిక వెనక భాగంల ఒక చేదు లేస్తది, ఎంత నీళ్లు తాగినా పోదు. అది లిమోనిన్. వేపగింజల ఉన్న చేదు పదార్థాలు, ఈ లిమోనిన్, అన్నీ లిమోనాయిడ్లు అనే ఒకే జాతి. కమలా రసం పిండి రెండు మూడు గంటలు పెడ్తే చేదెక్కుతది చూడుండ్రి, పండుల చేదు లేని రూపంల ఉన్నది రసంల పులుపు తగిలి మెల్లగ లిమోనిన్ అయితది, జ్యూస్ ఫ్యాక్టరీలోళ్లకు ఇది పెద్ద తలనొప్పి. ఈ లిమోనాయిడ్లు దండిగ చేసే కుటుంబాలు ప్రధానంగ ఈ రెండే, వేపది, నారింజది. చేదు చేసే విద్య వేపకు ఒక్కదానికే పుట్టింది కాదు, రెండు కుటుంబాలు విడిపోకముందే పునాది పడ్డది, కొన్ని కోట్ల ఏండ్ల కింద.

కోట్ల ఏండ్లు అంటే మా ఏరియాల కొంచెం తేలికగ అర్థమైతది. మాకు దగ్గర్లనే వడధం ఫాసిల్ పార్క్ ఉన్నది, రాయైపోయిన చెట్ల దుంగలు అట్లనే నేల మీద పడి ఉంటయి, చేత్తోని ముడితే రాయి, కంటితోని చూస్తే కట్టె, నారలు గూడ కనిపిస్తయి. అవి డైనోసార్ల కాలంనాటివి. ఈ ప్రాణహిత గోదావరి లోయ రాళ్లల్లనుంచే బరపాసారస్ అనే పేద్ద డైనోసార్ ఎముకలు తవ్వి కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంల నిలబెట్టిండ్రు. మావోళ్లు పిలగాండ్లను తీస్కపోయి ఆ దుంగల మీద కూసోబెట్టి ఫోటోలు దిగుతరు, ఇది టేకా ఏగిసా అని అడుగుతరు. రెండూ కాదు కాకా. పూలు పూసే చెట్టు అనేదే అప్పటికి ఈ లోయల లేదు, ఆ దుంగలు కోనిఫర్ జాతివి, హిమాలయాల దేవదారు, పైన్ ఉంటయి చూడు, ఆ తరహా. పువ్వు పూసే మొక్కల ఆనవాళ్లు భూమ్మీద స్పష్టంగ దొరికేది దాదాపు 13 కోట్ల ఏండ్ల కిందటినుంచి. ఆ బరపాసారస్ ఒక్క పువ్వు కూడ చూడకుండ పోయింది.

పూల మొక్కలు వచ్చినంక కొంత కాలానికి ఒక విచిత్రం జరిగింది. మన పత్తి, కంది, మిర్చి, నారింజ, వేప, ద్రాక్ష, వీటన్నిటి ఉమ్మడి ముత్తాత మొక్కల జీనోమ్ మొత్తానికి మొత్తం మూడింతలైంది. ఒక్క జీన్ రెండు జీన్లు కాదు, అన్నీ మూడు మూడు. దాదాపు 12 కోట్ల ఏండ్ల కిందటి ముచ్చట అది. తర్వాత చాలా కాపీలు రాలిపోయినయి, కొన్ని నిలిచినయి. వరి, మక్క తప్ప నా షాపుకు మందు కోసం వచ్చే దాదాపు ప్రతి పంటల ఆ మూడింతల ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నయి. పత్తి అయితే తర్వాత ఇంకా ఎన్నో సార్లు డబుల్ చేసుకుంది, నారింజ అసలు చేసుకోలే. కాపీలు ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చెప్త, చేదు పుట్టింది అక్కడే.

ప్రతి మొక్కకూ కణం పొర సక్కగ ఉండాల్నంటే స్టెరాల్స్ కావాలె, మనకు కొలెస్ట్రాల్ ఎట్లనో అట్ల. దానికి ముడిసరుకు స్క్వలీన్, 30 కార్బన్ల పొడుగు అణువు. దాన్ని మడిచి రింగులు చేసే ఎంజైమ్, అంటే కణంల రసాయన పని చేసే ప్రోటీన్, ఒకటి ఉంటది. ఎప్పుడో ఆ ఎంజైమ్ జీన్‌కు ఇంకో కాపీ పడ్డది. మొదటిది ఇంటి పని చేసుకుంటనే ఉన్నది, రెండోదానికి బాధ్యత లేదు, అది చెడినా చెట్టు చావదు, అందుకని దాంట్ల మార్పులు కూడుకుంట కూడుకుంట పోయి అదే ముడిసరుకును వేరే తీరుగ మడుచుడు మొదలుపెట్టింది. ఆ కొత్త మడతనుంచే లిమోనాయిడ్ల దారి మొదలైతది. తర్వాత ఒకదాని వెనక ఒకటి ఎంజైమ్‌లు, ఇక్కడ ఆక్సిజన్ తగిలించు, అక్కడ రింగు తెరువు, చివరకు 30 కార్బన్లల్ల నాలుగు తెంపేసి కొసకు ఫ్యూరాన్ అనే చిన్న రింగు పెట్టు. 26 కార్బన్లు మిగుల్తయి.

ఈ దారిని 2023 జనవరిల సైన్స్ పత్రికల ఒక టీము అడుగడుగు చూపించింది, అమెరికా స్టాన్‌ఫర్డ్‌ల ఎలిజబెత్ శాట్లీ ల్యాబు, ఇంగ్లండ్ జాన్ ఇన్నెస్ సెంటర్ల ఆన్ ఆస్బోర్న్ ల్యాబు కలిసి. ఒక పక్క నారింజ, ఇంకో పక్క మన తురక వేప తీసుకున్నరు. జీనోమ్ చేతిల ఉన్నది కాబట్టి చేదు ఎక్కడ తయారైతున్నదో అక్కడ ఏ జీన్లు అన్నీ కలిసి ఒక్కసారే లేస్తున్నయో చూసిండ్రు, ఒక్కొక్కదాన్ని తీసి పొగాకు జాతి మొక్క ఆకులల్ల పెట్టి, ఆకు ఏం తయారుచేస్తున్నదో కొలిచిండ్రు. 22 ఎంజైమ్‌లు, 12 రకాల రియాక్షన్లు పట్టిండ్రు. నారింజ దిక్కు కిహాడాలాక్టోన్ అనే లిమోనాయిడ్ దాక, తురక వేప దిక్కు అజాడిరోన్ అనే లిమోనాయిడ్ దాక పోయిండ్రు. అండ్ల నాకు బాగ ఇష్టమైన సంగతి, ఐసోమరేజ్ అనే జత ఎంజైమ్‌లు దొరికినయి, అవి స్టెరాల్ తయారుచేసే ఎంజైమ్‌లకు సొంత అన్నదమ్ములు. ఆ కుటుంబం ఇంటిపని తప్ప వేరే పని చేస్తదని ఎవ్వలు అనుకోలే. ఇక్కడ మాత్రం కాపీ పడి, ఆ కాపీ చేదు పనికి ఎక్కింది. అంటే ప్రకృతి కొత్త పనిముట్టు కొనలే, ఇంట్ల పడి ఉన్నదాన్నే సానపట్టింది. ఇవల్యూషన్ గురించి కాలేజీల చెప్పినప్పుడు జిరాఫీ మెడ బొమ్మ చూపించిండ్రు మాకు, దానికి బదులు ఈ ఐసోమరేజ్ ముచ్చట చెప్తే ఎంత బాగుండు అనిపించింది.

అజాడిరోన్ నుంచి అజాడిరాక్టిన్ దాక ఇంకా ఎన్నో మెట్లున్నయి. అసలు హీరో ఈ అజాడిరాక్టిన్, పురుగుల మీద పనిచేసే వేపగింజ చేదు ఇదే, మా షాపుల సీసా మీద 300 పీపీఎం, 1500 పీపీఎం, 10000 పీపీఎం (పది లక్షల భాగాలల్ల ఎన్ని భాగాలు) అని రాసుండేది దీని లెక్కనే. దీని వెనక ఉన్న కథ కూడ జర చెప్పాలె. 1959ల సుడాన్ల మిడతల దండు దిగి కనిపించిన పచ్చదనమంతా నున్నగ మేసింది, వేపచెట్లు మాత్రం అట్లనే నిలబడ్డయి, జర్మనీ కీటకశాస్త్రవేత్త హైన్‌రిచ్ ష్ముట్టరర్ అది చూసి వేప వెంబడి పడ్డడు, బతుకంతా దాని మీదనే పనిచేసిండు. 1968ల ఇంగ్లండ్ల గింజలనుంచి అజాడిరాక్టిన్‌ను వేరు చేసిండ్రు. దాని ఆకారం సరిగ్గ ఇది అని తేలేసరికి 1985 వచ్చింది. ఆ తర్వాత కేంబ్రిడ్జ్‌ల స్టీవెన్ లే టీము ల్యాబుల సొంతంగ తయారు చేస్తమని కూసున్నరు, 22 ఏండ్లు పట్టింది, 2007ల అయింది, 71 స్టెప్పులు, ఆఖరుకు చేతికొచ్చిన సరుకు శాతం చెప్పాల్నంటే దశాంశం తర్వాత సున్నాలు లెక్కపెట్టాలె. మా అంకీస రోడ్డు మీద మేకలు కింద పండుకునే చెట్టు అదే పనిని ఎండకాలం నీళ్లు లేకుండ ఏటా చేస్తది. జీనోమ్ చదివినందుకు నిజమైన లాభం ఇక్కడున్నది అని నా అభిప్రాయం, జీన్లు అన్నీ దొరికితే రేపు ఈస్ట్ లాంటి దాంట్ల పెట్టి తయారుచేసుకునే దారి తెరుసుకుంటది.

అది పురుగుల మీద ఎట్ల పనిచేస్తదో రైతులకు చెప్పుడు నా రోజువారీ పంచాయితీ. మందు కొట్టిన తెల్లారే వచ్చి "పురుగు సావలే, ఇదేం మందు" అంటరు. బాపూ, ఇది ఒక్క దెబ్బకు పడగొట్టే మందు కాదు. మొదలు పురుగుకు తిండి మీద బుద్ధి పోతది. తర్వాత పురుగు పెరగాల్నంటే కుబుసం విడవాలె, దానికి ఎక్డైసోన్ అనే హార్మోన్ కావాలె, ఈ అజాడిరాక్టిన్ ఆ హార్మోన్ లెక్క తప్పిస్తది, పురుగు సగం విడిచి సగం విడవక అట్లనే పోతది. నాలుగైదు రోజులు ఆగి చూడాలె. చిన్న పురుగు ఉన్నప్పుడు కొట్టాలె, వేలంత లావైనంక ఏం లాభం? ఎండకు తొందరగ పాడైతది కాబట్టి పొద్దుగూకే యాళ్లకు కొట్టాలె, పన్నెండు గంటలకు కొట్టి నన్ను తిడ్తే నేనేం చెయ్య. 2017ల యవత్మాల్ల మందు కొట్టుకుంట కొట్టుకుంటనే రైతులు, కూలోళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నరు, ఆ వార్తలు చూసినంక మా వైపు కూడ కొందరు నింబోళి అర్క్, అంటే వేపగింజల రసం, అడుగుడు మొదలుపెట్టిండ్రు.

ఆ చేదు గింజల్లనే ఎందుకు ఎక్కువున్నదో ఎప్పుడన్న ఆలోచించిండ్రా? వేపపండు గుజ్జు తియ్యగుంటది, చిన్నప్పుడు చీకనోళ్లు ఉండరు మనల. గోరింకలు, పికిలిపిట్టలు గుజ్జు కోసమే వస్తయి, తిని గింజను ఎక్కడనో ఇడుస్తయి. పైన తీపి పిట్టకు లంచం, లోపల చేదు పప్పును కాపాడేటందుకు. చెట్టు ఏ సరుకు ఎక్కడ పెట్టాల్నో అక్కడ పెట్టింది, ఆర్ఎన్ఏ చూస్తే కూడ అవయవానికో తీరు కనిపించేది అందుకే. మా గల్లీల పాడ్వా నాడు మరాఠీ ఇండ్లల్ల లేత వేపాకు, బెల్లం, వాము నూరి ఇస్తరు, అదే రోజు మా ఇండ్లల్ల ఉగాది పచ్చడిల పువ్వు వేస్తం. నేను రెండిండ్లల్ల తింట, నా ఓటు పువ్వుకే.

సరే, ఇక పాంప్లెట్ సంగతి. జీనోమ్ చదివితే ఏది మందో ఏది కాదో నిరూపణ అయిపోదు. చెట్టు ఏమేం తయారుచేయగలదో జీన్లు చెప్తయి, అది మనిషి ఒంట్ల ఏం చేస్తదో చెప్పాల్నంటే మనుషుల మీద సక్కగ చేసిన ట్రయల్స్ కావాలె, అది వేరే శాస్త్రం, వేరే ఖర్చు, వేరే ఓపిక. 1942లనే సలీముజ్జమాన్ సిద్దిఖీ అనే పెద్దాయన వేపనూనెనుంచి నింబిన్ లాంటివి వేరుచేసి చూపించిండు, అంటే వేపల సరుకున్నదని తెలిసి చాలా ఏండ్లాయె. సరుకున్నది కాబట్టే జాగ్రత్త కూడ కావాలె. దగ్గు, జలుబు అని పసిపిల్లలకు వేపనూనె తాగించుడు పాత అలవాటు, దాంతోని వాంతులు, ఫిట్స్, లివర్ దెబ్బతిని ప్రాణం మీదికొచ్చిన కేసులు 1981లనే మలేషియా డాక్టర్లు రాసిండ్రు, మన దేశంల కూడ వచ్చినయి. షాపుల నా దగ్గర ఎవరన్న అవ్వ వచ్చి మనుమనికి తాగిస్త, కొంచెం నూనె ఇయ్యి బిడ్డా అంటే నేను ఇయ్య. కొట్లాడినా ఇయ్య. నా దగ్గరిది పంటల మీద కొట్టేది, పిల్లల నోట్ల పోసేది కాదు. పంటి పుల్ల, ఒంటికి ఆకు నీళ్లు, బియ్యంల పురుగు పట్టకుండ ఎండుటాకు, ఇయన్నీ నేనూ చేస్త, దాంట్ల నాకేం గొడవ లేదు.

వేప ఎవలిది అన్న లొల్లి కూడ గుర్తుచేసుకోవాలె. అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ ఆర్ గ్రేస్ కంపెనీ కలిసి వేపనూనెను బూజు తెగుళ్ల మీద వాడే పద్ధతికి యూరోప్‌ల పేటెంట్ తీసుకున్నరు. మనోళ్లు ఎప్పటినుంచో చేసేదే కదా అని 1995ల పర్యావరణ కార్యకర్త వందనా శివ, ఇంకా కొందరు కలిసి అభ్యంతరం పెట్టిండ్రు. మన దేశంల ఫ్యాక్టరీ నడిపే ఒకాయన మేము ముందునుంచే ఇట్లనే తీస్తున్నం అని సాక్ష్యం చెప్పిండు. 2000ల పేటెంట్ రద్దయింది, వాళ్లు అప్పీలుకు పోయిండ్రు, 2005ల అది కూడ కొట్టేసిండ్రు. పదేండ్లు. గణిత్ ల్యాబ్స్ వాళ్లు జీనోమ్ డేటా అందరికీ తెరిచి పెట్టింది నాకు ఎందుకు నచ్చిందంటే ఈ చరిత్ర తెలిసినందుకే.

ఇంత చేదున్న చెట్టుకు రోగం రాదా అంటే వస్తది, మీరు కూడ చూసే ఉంటరు. 2021 దరిదాపుల తెలంగాణల వేపచెట్లు కొసలనుంచి ఎండుకుంట వచ్చినయి, నిప్పు పెట్టినట్టు ఎర్రగ మాడి, ఒక్కో ఊర్ల వరుసగ అన్నీ. నది ఇవతల మా దిక్కు కూడ కనిపించింది. అమ్మవారికి కోపమొచ్చిందని కొందరు, సెల్ టవర్లని కొందరు, షాపు ముందల రోజూ ఇదే చర్చ. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు. లేత చిగురును అది కుడ్తది, ఆ గాయాలల్లనుంచి బూజు లోపలికి పోతది, కొస ఎండుతది. మరి అజాడిరాక్టిన్ ఏం చేస్తున్నట్టు? అది ఎక్కువుండేది గింజల, లేత కొమ్మల కాదు. పైగ చెట్టు కోట్ల ఏండ్లు కొట్లాడింది అంటే పురుగు, బూజు కూడ అన్నే ఏండ్లు కొట్లాడినయి, వాటికీ జీన్లున్నయి, వాటికీ కాపీలు పడ్తయి, ఒక పక్క మారితే ఇంకో పక్క ఊరుకుంటదా. చాలా చెట్లు వానలు పడ్డంక మళ్ల చిగురేసినయి, తొందరపడి నరికించినోళ్లు ఉత్తగ పోగొట్టుకున్నరు. కొన్ని చెట్లు పక్కనే ఉండి కూడ అస్సలు ఎండలే. అసొంటి చెట్ల జీనోమ్, ఎండిన చెట్ల జీనోమ్ పక్కపక్కన పెట్టి చదివితే ఎంత పనికొస్తది! మందుల కంపెనీ వాళ్లు పాంప్లెట్లకు పెట్టే పైసలు దీనికి పెడ్తే బాగుండు.

చెట్టుకు చెట్టుకు తేడా అన్న కాడికి వచ్చిన కాబట్టి ఒక పని మాట చెప్పి ఆపేస్త. అజాడిరాక్టిన్ అన్ని చెట్ల గింజల ఒక్క తీరుగ ఉండదు, ఒకదాంట్ల దండిగ, పక్కదాంట్ల సగం కూడ ఉండదు, చెట్టు పుట్టుకను బట్టి, నేలను బట్టి, గింజ ఎట్ల ఆరింది అన్నదాన్ని బట్టి. అందుకే ఒకే చెట్టు గింజలు కాకుండ పది చెట్లవి కలిపి ఏరుండ్రి. జూన్, జూలైల పసుపుపచ్చగ పండి రాలినయి ఏరాలె, గుజ్జు కడిగెయ్యాలె, నీడకు ఆరబెట్టాలె, ఎండల వద్దు. గోనె సంచిల పొయ్యండ్రి, ప్లాస్టిక్ కవర్ల మూటకడ్తే బూజు పడ్తది, బూజు గింజ పారెయ్యుడే. కొట్టే ముందురోజు పొట్టు తీసిన పప్పు 5 కిలోలు దంచి, గుడ్డల మూటకట్టి 10 లీటర్ల నీళ్లల్ల రాత్రంతా నానబెట్టి, తెల్లారి మూటను పిసికి పిసికి పాలలెక్క నీళ్లు వచ్చేదాక తియ్యాలె, వడకట్టి, సబ్బు పొడి 200 గ్రాములు కలిపి, మొత్తం 100 లీటర్లు చేసుకోవాలె. కలిపిన నాడే కొట్టాలె, రేపటికి దాచొద్దు. సీసా కొనమని చెప్తే నాకు నాలుగు పైసలు మిగుల్తయి గానీ, గింజలు ఇంటి ముందల రాలి చీపురుతోని ఊడ్చి పారేస్తున్నోళ్లకు సీసా అమ్ముడు నాకే మనసొప్పదు. అసరెల్లి దిక్కునుంచి నిరుడు ఒకాయన మూడు సంచులు ఏరి తెచ్చి అమ్ముతవా అని అడిగిండు, ఈ ఏడు కూడ తెస్తే నేనే తీసుకుంట, ఇంకెవరి దగ్గరన్న ఉంటే కింద రాయుండ్రి.